ఆయుధ పూజ నుంచే ఇట్లుండాది

కార్బురేటరు మూత తీయగానే లోపల ఉండకూడని ఆయిలు కనబడితే ఏం చేయాలో ఇప్పటి పిల్ల మెకానిక్కులను అడిగి చూడండి. మొదట ఫోను తీసి ఫోటో కొడతారు. ఆ ఫోటోను ముక్కూ మొహం తెలియనివాళ్ళు నలభై మంది ఉన్న గుంపులోకి పంపుతారు. నలభై మందీ నలభై జబ్బులు చెబుతారు. అందులో తమకు నచ్చిన జబ్బును ఎంచుకుని ఇంజను విప్పేస్తారు. ఇది చదువుతూ మీలో కొందరు మొహం మాడ్చుకుంటారని తెలుసు. మాడ్చుకోండి. చిత్తూరులో బెంగళూరు రోడ్డు పక్కన ఒకే షెడ్డులో ముప్పై ఎనిమిదేళ్ళు గ్రీజు పూసుకున్నవాణ్ణి, ఆ మాత్రం అనే హక్కు నాకుంది.

అయితే ఇది రాస్తున్నది మిమ్మల్ని తిట్టడానికి కాదు. మీకంటే పెద్ద మూర్ఖుణ్ణి ఒకణ్ణి మీకు చూపించడానికి. అతగాడు ఫోను వాడలేదు, నోరు వాడాడు. ఆ నోటి మాటకు ఒక పెద్దమనిషి ఉద్యోగం పోయింది.

మా షెడ్డులో మేం ముగ్గురం పాతకాపులం. నేను ఇంజను మేస్త్రీని. రెండోవాడు టింకరు, అంటే సొట్టలు తీసేవాడు. అతనికి ఇంజను గురించి తెలిసిన మాట ఒక్కటే, "రింగులు పోయినాయి." బండి స్టార్టు కాకపోయినా, వైపర్లు తిరగకపోయినా, తలుపు కిర్రుమన్నా రింగులు పోయినాయనేవాడు. ఏడాదికి రెండుసార్లు ఆ మాట నిజమయ్యేది. ఆ రెండు విజయాలనూ పన్నెండు నెలలూ చెప్పుకుని తిరిగేవాడు. మూడోవాడు ఎలక్ట్రీషియను. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. తెలివితక్కువ వాడు కాబట్టే మాట్లాడడని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. నా అంచనాలు అలా ఉండేవి.

నా గురించి కూడా చెప్పాలి కదా. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. ఊళ్ళో మిగతా షెడ్లవాళ్ళంతా నా దృష్టిలో చక్రాలు ఊడదీసేవాళ్ళే తప్ప మెకానిక్కులు కారు. వాళ్ళు బండిని నీళ్ళతో కడిగే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇంజను మీదికి పైపు పెట్టి నీళ్ళు కొట్టడమే, ఏ రంధ్రంలోకి నీళ్ళు పోతున్నాయో చూడరు. నేను అలా కాదు. నీళ్ళు కొట్టే ముందు ఇంజనుకున్న ప్రతి నోటినీ గుడ్డతో మూసేవాణ్ణి. దానికి మా ఇంట్లో చిరిగిన లుంగీలు పేలికలు చేసి తెచ్చుకునేవాణ్ణి. నేను కట్టేది ఒకటే రకం, ఆకుపచ్చ గళ్ళ లుంగీ. భుజం మీద కూడా అదే పేలిక. చిత్తూరులో ఇలా మూసి కడిగేవాణ్ణి నేనొక్కణ్ణే అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి, అడక్కపోయినా.

ఇక ఆ కారు. పేరు చెప్పను, ఒకప్పుడు కలెక్టర్లందరూ ఎక్కి తిరిగిన గుండ్రటి ముక్కు కారు. ఊరి బయట మామిడితోటలున్న ఒక ఆసామిది. అతని ఇంట్లో కొత్త కార్లు రెండున్నా, వాళ్ళమ్మ మాత్రం ఆ పాత కారు తప్ప ఎక్కేది కాదు. ఎనభై దాటిన మనిషి. కొత్త కార్లలో కూర్చుంటే నేల మీద చతికిలబడినట్టు ఉంటుందని ఆమె ఫిర్యాదు. ఆ కారును ఇరవై ఆరేళ్ళుగా ఒకే డ్రైవరు నడిపేవాడు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. తెల్లచొక్కా, మడిచి భుజాన వేసుకున్న టవలు, గట్టిగా మాట్లాడడం తెలియని గొంతు. కారు ఇచ్చేటప్పుడు ఏమేం తేడాగా ఉందో వరుసగా చెప్పేవాడు. నేను వినేవాణ్ణి కాదు. డ్రైవర్లు చెప్పేది వింటే మెకానిక్కు చెడిపోతాడని నా సిద్ధాంతం.

కార్తీకమాసంలో ఒక సోమవారం ఆ ఇంటివాళ్ళు పలమనేరులో ఏదో పెళ్ళికి బయలుదేరారు. అవ్వ పాత కారులో, మిగతావాళ్ళు కొత్త కారులో. మొగిలి కనుమ ఎక్కుతుండగా పాత కారు తెల్లగా పొగ చిమ్మి, నాలుగుసార్లు దగ్గి, ఆగిపోయింది. వెనక లారీలు. అవ్వను రోడ్డు పక్కన బండ మీద కూర్చోబెట్టి, ఇంకో బండి తెప్పించి పెళ్ళికి పంపేసరికి ముహూర్తం దాటిపోయిందట. మరుసటి రోజు పొద్దున కారును లాక్కుని మా షెడ్డుకు తెచ్చారు. ఆసామి వచ్చాడు, బావమరిదిని వెంటేసుకుని. డ్రైవరూ వచ్చాడు. ఎయిర్ ఫిల్టరు విప్పితే లోపల ఆయిలు మడుగు కట్టి ఉంది. కార్బురేటరు గొంతు నిండా ఆయిలే.

డ్రైవరు భుజం మీది టవలు తీసి చేతిలో పట్టుకుని నా పక్కకు వచ్చాడు.

"మేస్తిరీ, ఒక మాట. ఈ కత ఆయుధ పూజ నుంచే ఇట్లుండాది. అంతకు ముందర లేదు."

నేను తల కూడా ఎత్తలేదు. "ఆయుధ పూజ నుంచా? అట్లయితే అమ్మవారికి కోపమొచ్చుండాది. పొయ్యి టెంకాయ కొట్టు, సరిపోతాది."

అందరూ నవ్వారు. టింకరు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఎలక్ట్రీషియను నవ్వలేదు, కానీ అతను దేనికీ నవ్వడు కాబట్టి నేను లెక్కలోకి తీసుకోలేదు.

"అది గాదు మేస్తిరీ, పూజ అయినాక తెల్లారి బండి తీసుకొనిపోయినా గదా, ఆ పొద్దు నుంచే..."

"నువ్వు మెకానిక్కా, నేను మెకానిక్కా?"

నేను ఆయిలు కొలిచే కడ్డీ లాగి, తుడిచి, మళ్ళీ ముంచి తీశాను. ఆయిలు పై గుర్తు దాటి వేలెడు ఎక్కువుంది. ఇంకేం కావాలి నాకు? ఆయిలు ఎక్కువైతే ఇంజను లోపల చిలికి పైకి తంతుంది, అది కార్బురేటరులోకి వస్తుంది. పుస్తకంలో ఉన్న ముక్కే. కడ్డీని ఆసామి ముక్కు ముందు పెట్టాను.

"ఎవురు పోసింది ఈ ఆయిలు?"

"నేనే మేస్తిరీ," అన్నాడు డ్రైవరు. "కనమలో ఆగినాక చూస్తే తక్కువుండింది, రోంత పోసినా."

"రోంతా? గుర్తు మీద వేలెడుండాది. కండ్లు కనిపిస్తాండాయా లేదా నీకు?"

అది నేను ఆలోచించి అన్న మాట కాదు. నాలుగు నవ్వులు వచ్చాయి కదా, ఐదోది కూడా వస్తుందని అన్నాను. కానీ ఆసామి నవ్వలేదు. బావమరిది వైపు తిరిగి, "మా యమ్మను ఎక్కించుకొని కనమ ఎక్కేవానికి కండ్లు కానరాకపోతే ఎట్లప్పా?" అన్నాడు. బావమరిది తల ఊపాడు. తల ఊపడం తప్ప ఆ మనిషి ఇంకో పని చేయగా నేను చూడలేదు. డ్రైవరు ఆసామి మొహం వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసి, టవలు మళ్ళీ భుజాన వేసుకుని వెళ్ళి కారు పక్కన నిలబడ్డాడు.

ఇప్పుడు మీరు బుర్ర పెట్టి చదవండి, నేను పెట్టలేదు కనుక. ఆయన ఆయిలు పోసింది కారు ఆగిపోయిన తరువాత. ఆగిపోయిన తరువాత పోసిన ఆయిలు, ఆగిపోవడానికి కారణం ఎలా అవుతుంది? పైగా కనుమలో బండి ముక్కు పైకెత్తి నిలబడి ఉంటుంది. ఏటవాలులో ఆ కడ్డీ చూపేది అబద్ధం, ఉన్న ఆయిలు కంటే తక్కువ చూపిస్తుంది. ఆయన కళ్ళు సరిగ్గానే చూశాయి, కడ్డీ తప్పు చెప్పింది. ఇది మొదటి ఏడాది నేర్చుకునే సంగతి. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మహానుభావుడికి తట్టలేదు. ఎక్కువ ఆయిలు తీసేసి, కార్బురేటరు కడిగి బిగించి, చేతులు దులుపుకున్నాను.

రెండు రోజుల తరువాత భోజనాల వేళ ఎలక్ట్రీషియను తన పది మాటల్లో కొన్ని ఖర్చు పెట్టాడు.

"ఆ పెద్దాయన్ని మాన్పించేసినారంట. కండ్లు లేవని."

"మంచిదే," అన్నాను నేను, సంగటి ముద్ద విరుస్తూ. "లోయలో పడేదానికి ముందరే మాన్పించినారు."

ఆ ముద్ద నాకు గొంతులో అడ్డం పడలేదు. హాయిగా దిగింది. ఈ సంగతి దాచకుండా రాస్తున్నాను.

కారు మళ్ళీ వచ్చింది, ఇరవై రోజులైనా కాకముందే. ఈసారి కొత్త డ్రైవరు. కారును డబ్బా అని పిలిచే రకం. ఫిల్టరులో మళ్ళీ అదే మడుగు. మధ్యలో ఆసామి దాన్ని తిరుపతిలో ఒక అద్దాల షోరూముకు కూడా తీసుకుపోయాడట. అక్కడ తెల్ల గ్లౌజులు వేసుకున్న కుర్రవాళ్ళిద్దరు చేతిలో కొత్త కార్ల జబ్బులు చెప్పే స్కానరు పెట్టుకుని, దాన్ని తగిలించే చోటు కోసం కారంతా వెతికారట. డ్యాష్‌బోర్డు కింద వెతికారు, సీటు కింద వెతికారు, డిక్కీలో వెతికారు. చివరికి ఈ బండికి ఆ చోటే లేదని తేలాక, బండిలోనే లోపం ఉందని చెప్పి పంపించారు. ఆసామి ఇది చెబుతుంటే నేను పొట్ట పట్టుకుని నవ్వాను. గురివింద గింజ నవ్వు.

ఆయిలు కడ్డీ చూశాను. సరిగ్గా గుర్తు దగ్గరే ఉంది, నిజానికి కొంచెం కిందికే. పోసేవాడు లేడు, కళ్ళు లేనివాడు లేడు, అయినా ఆయిలు వచ్చింది. కడ్డీని తుడిచి మళ్ళీ ముంచి చూశాను.

"రింగులు పోయినాయి," అన్నాడు టింకరు, సుత్తి కింద పెట్టి మరీ వచ్చి.

ఈసారి నేనూ అదే అనుకున్నాను. ప్లగ్గులు విప్పి నాలుగు సిలిండర్లకూ గేజి పెట్టి ఒత్తిడి చూశాను. పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు అరిగితే గేజి ముల్లు పైకి లేవదు. నాలుగింట్లోనూ లేచింది, నాలుగింట్లోనూ ఒకే చోట ఆగింది. వయసులో ఉన్న ఇంజనులా ఉంది. టింకరు గేజి చెడిపోయిందని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను నేల మీద గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరాను, ఏం చూడాలో తెలియకే దూరాను. పైన నిలబడి తల గోక్కుంటుంటే ఆసామి చూస్తున్నాడు, కింద ఉంటే కనీసం మొహం కనబడదు. ఇంజను పక్క నుంచి ఒక పైపు నేల వైపు వంగి ఉంటుంది, దాన్ని బ్రీదరు అంటాం. ఏ ఇంజనులోనైనా పిస్టన్ల పక్క నుంచి కొంత పొగ ఆయిలుండే చోటికి దిగుతుంది. ఆ పొగ బయటికి పోయే దారి ఆ పైపు. అది మూసుకుపోతే పొగ ఊరుకోదు. ఆయిలును వెంటబెట్టుకుని పైకి లేచి, పై మూతకున్న రబ్బరు గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టరుకు, అక్కణ్ణుంచి కార్బురేటరుకు చేరుతుంది. నేను ఆ పైపు నోట్లో వేలు పెట్టాను. లోపలికి పోవలసిన వేలు మెత్తగా దేనికో తగిలి ఆగింది.

ముక్కు పటకారతో పట్టి లాగాను. నల్లటి పేలిక ఒకటి జానెడు పొడుగున వచ్చి నా ఛాతీ మీద పడింది. బయటికి వచ్చేసరికి ఎలక్ట్రీషియను పెట్రోలు డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను అడగలేదు, తనే తెచ్చాడు. పేలికను ముంచి పిండాను, నల్లగానే ఉంది. మళ్ళీ ముంచాను, గోధుమరంగుకు వచ్చింది. మూడోసారి పిండి విప్పితే గళ్ళు కనబడ్డాయి. ఆకుపచ్చ గళ్ళు. ఎలక్ట్రీషియను ఆ పేలికను చూశాడు, తరువాత నా భుజం మీది పేలికను చూశాడు.

"ఆయుధ పూజ నుంచే," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది అంతా. పూజ రోజు మధ్యాహ్నం దాకా బండ్లు కడుగుతూనే ఉన్నాం. ఆ కారు ఆఖరిది. ఎప్పటిలా నోళ్ళన్నీ మూసి నీళ్ళు కొట్టాను. ఆరాక గుడ్డలు తీయాలి. పైన ఉన్నవి తీశాను. కిందున్న దాన్ని తీయబోయే లోపు అయ్యవారు వచ్చేశారు, స్పానర్లు, పటకారలు అన్నీ అరటాకు మీదికి చేరాయి. మీకు తెలుసు కదా మన ఆచారం. పనిముట్లను పూజలో పెట్టాక మరుసటి పొద్దున దాకా ముట్టకూడదు, బొట్టు పెట్టిన బండి కిందికి దూరకూడదు. ముట్టలేదు నేను. చాలా భక్తిగా ముట్టలేదు. తెల్లారి నేను వచ్చేసరికి ఆ డ్రైవరు మంచి ఘడియ చూసుకుని, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కారు తీసుకుపోయాడు. ఊరంతట్లో నేనొక్కణ్ణే చేసే తెలివైన పని అది, నేనొక్కణ్ణే చేయగల తప్పు కూడా అదే అయింది.

ఇక్కడ నేను గొప్పగా ఏదో చేశానని మీరు ఆశిస్తే నిరాశపడతారు. పేలికను జేబులో కుక్కుకున్నాను. ఆసామి దగ్గరికి పోయి, "చిన్న అడ్డముండింది, తీసేసినా, ఇంగ రాదు," అన్నాను. అది అబద్ధం కాదు, అదే దానిలో నీచత్వం. ఆసామి నా భుజం తట్టి, "ఆ ముసలోడు చేసిన కంతిరీ పని అయ్యుంటాది," అన్నాడు. నేను లేదనలేదు. ఎలక్ట్రీషియను నా వెనకే ఉన్నాడు. ఆ తరువాత నాలుగు రోజులు అతను నాతో ఆ పది మాటలు కూడా మాట్లాడలేదు.

ఐదో రోజు ఆసామి ఇంటి నుంచి కబురు వచ్చింది, అవ్వ పిలుస్తోందని. కారు తలుపు పట్టేస్తోందేమో అనుకుని స్పానరు పట్టుకుని పోయాను. ఆమె వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. తలుపు గురించి అడగలేదు.

"ఆ కొత్తోడు బ్రేకు తొక్కితే నా తలకాయ ముందర సీటుకు కొట్టుకుంటాది. సరే, అది పోనీ. మా పాతోనికి కండ్లు లేవని నువ్వు చెప్పినావంట?"

"అట్ల కాదమ్మా, ఆ పొద్దు ఏదో..."

"గుంత వచ్చే ముందర 'అమ్మా, గుంత' అని చెప్పేవాడు వాడు. నేను పైన కమ్మీ పట్టుకొనేదాన్ని. ఇరవై ఆరేండ్లలో ఒక్క గుంత తప్పిపోలేదు. ఆ గుంతలన్నీ కండ్లు లేకుండానే చూసినాడా?" ఆమె నా చేతిలోని స్పానరు వైపు చూసింది. "నువ్వు ఇంజన్లు చూసేవాడివా నాయనా, కండ్లు చూసేవాడివా?"

నా చెయ్యి జేబు మీదికి పోయింది. జేబులో పేలిక ఉంది. నాలుగు రోజులుగా అదే చొక్కా కాకపోయినా, చొక్కా మార్చినప్పుడల్లా దాన్ని కూడా మార్చి పెట్టుకుంటున్నాను, ఎందుకో చెప్పలేను. సిగ్గేసింది. ఆమె ముందు కాదు, ఆ స్పానరు పట్టుకుని నిలబడినందుకు సిగ్గేసింది. అక్కణ్ణుంచి నేరుగా బస్సెక్కాను.

డ్రైవరుది పలమనేరు రోడ్డులో ఒక పల్లె. నేను పోయేసరికి పాలకేంద్రంలో పాలు పోసి వచ్చి, వాకిట్లో ఖాళీ క్యాను కడుగుతున్నాడు. నన్ను చూసి లేవలేదు, పొమ్మననూ లేదు. నేను కంచె దగ్గరే ఆగిపోయాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక జేబులోంచి పేలిక తీశాను. మా ఇద్దరి మధ్యా ఇరవై అడుగుల దూరం ఉంటుంది.

"అది నీ పచ్చగళ్ళ లుంగీ గుడ్డ గదా మేస్తిరీ," అన్నాడు ఆయన, అక్కణ్ణుంచే.

కళ్ళు కనబడని మనిషి.

చెప్పాను. కడిగింది, మూసింది, మరిచింది, దొరికింది, దొరికాక నాలుగు రోజులు నోరు మూసుకున్నది, అన్నీ చెప్పాను. ఆయన క్యాను కడగడం ఆపకుండా విన్నాడు. కోప్పడితే బాగుండేది. నాకు కోపానికి జవాబు చెప్పడం వచ్చు.

"ఆ పొద్దు నేను చెప్తినే మేస్తిరీ. పూజ నుంచే ఇట్లుండాదని."

"చెప్పినావు."

"నువ్వు రోంత విని ఉంటే సరిపోయుండు."

"అవును."

క్యాను బోర్లించి లోపలికి పోయాడు. మంచినీళ్ళు తెస్తాడనుకున్నాను. బయటికి వచ్చి నా చేతిలో ఒక టెంకాయ పెట్టాడు, పీచు ఒలిచినది.

"టెంకాయ కొట్టమంటివి గదా. నువ్వు కొట్టు."

నేను వాకిట్లో రాయి కోసం చూశాను.

"ఈడ కాదు. ఆ మాట యాడ చెప్పినావో ఆడ. కారు ముందర. ఆ పొద్దు నవ్వినోళ్ళంతా ఉండాల."

టెంకాయ ఒళ్ళో పెట్టుకుని చిత్తూరుకు బస్సులో తిరిగి వచ్చాను. పక్క సీటాయన ఏ గుడికి పోతున్నావని అడిగాడు. షెడ్డుకు అని చెప్పాను.

రెండు రోజులకు అందరూ కుదిరారు. ఆసామికి నేనే ఫోను చేసి కారుతో, బావమరిదితో రమ్మన్నాను. అవ్వ కూడా వచ్చింది, వెనక సీట్లో కూర్చునే ఉంది. టింకరు సుత్తి పట్టుకునే వచ్చాడు. డ్రైవరు ఒక పక్కన, తెల్లచొక్కా, భుజాన టవలు. నేను కారు ముందు నిలబడి పేలికను అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాను.

"ఇది నాది. ఈ కారు పైపులో పెట్టి మరిచిపోయింది నేను. ఆయిలు వచ్చింది దీనివల్ల. ఈయన కండ్లకు ఏమీ కాలేదు. ఈయన చెప్పబోయినాడు, నేను విన్లేదు. ఎగతాళి చేసినా."

టెంకాయ కొట్టాను. శుభ్రంగా రెండు చెక్కలైంది. కుళ్ళిపోయి ఉంటుందేమోనని దారంతా భయపడ్డాను, ఆ పాటి మూఢనమ్మకం నాకూ ఉంది. టింకరు నేల చూపులు చూశాడు. ఆసామి మాత్రం నవ్వేశాడు.

"ఓస్, ఇంతేనా? గుడ్డ పేలికకు ఇంత కతా మేస్తిరీ?"

ఈ మనుషులను చూడండి. ఇరవై ఆరేళ్ళు తల్లిని మోసినవాణ్ణి తీసేయడానికి నా నోటి దురద చాలింది. తిరిగి పిలవడానికి సాక్ష్యం చూపిస్తే అది పేలిక. వెనక సీట్లోంచి అవ్వ, "ఒరే, తాళాలు వానికియ్యి," అంది. ఆసామి జేబులోంచి తాళాలు తీసి చాపాడు. డ్రైవరు తీసుకోలేదు.

"సామీ, నా కండ్లు?"

"బాగుండాయిలేప్పా. తీసుకో."

"ఆ పొద్దు గట్టిగా చెప్పినారు సామీ. ఇదీ అట్లే చెప్పండి. వాళ్ళకు వినపడాల."

ఆ గొంతు ఎప్పటిలా చిన్నదే. షెడ్డులో గాలి కొట్టే మిషను కూడా ఎవరో ఆపేశారు. ఆసామి మొహం ఎర్రబడింది. బావమరిది ఈసారి తల ఊపలేదు. అవ్వ కిటికీలోంచి కొడుకునే చూస్తోంది.

"బాగుండాయి," అన్నాడు ఆసామి, గట్టిగానే. "ఈయన కండ్లు బాగుండాయి. తప్పు మాది."

డ్రైవరు తాళాలు తీసుకున్నాడు. కానీ సీట్లో కూర్చోలేదు. నా భుజం మీది పేలికను లాగి, నేల మీద పరిచి, దాని మీద మోకాలు ఆనించి వంగాడు. చెయ్యి కారు కిందికి పోనిచ్చి బ్రీదరు పైపులో వేలు పెట్టి చూశాడు. లేచి, ఆ వేలిని అదే పేలికకు తుడిచి, మడత పెట్టి నా చేతికిచ్చాడు. అప్పుడు ఎక్కి స్టార్టు చేశాడు. గేటు దగ్గర చిన్న గుంత ఉంటుంది. "అమ్మా, గుంత," అన్న మాట మా అందరికీ వినబడింది.

ఆ తరువాత కూడా ఆయన కారును మా షెడ్డుకే తెచ్చేవాడు. ఏమేం తేడాగా ఉందో వరుసగా చెప్పేవాడు. నేను చేతులు కట్టుకుని వినేవాణ్ణి. డ్రైవరు చెప్పింది పూర్తిగా వినకుండా ఎవరి బండి మూతా ఎత్తలేదు, టింకరు ఎంత నవ్వినా సరే. నేను మారాను అని మీకు చెప్పుకోవచ్చు. ఆయనకు మాత్రం ఆ నమ్మకం కలగలేదు. పని అయ్యాక ప్రతిసారీ, అది ఒట్టి గాలి పట్టించిన రోజైనా సరే, నా పేలిక అడిగి తీసుకుని, మోకాలు వేసి, పైపులో వేలు పెట్టి చూశాకే ఎక్కేవాడు. కొత్తగా చేరినవాళ్ళు ఇదేదో పెద్దాయన సెంటిమెంటు అనుకునేవాళ్ళు. ఎలక్ట్రీషియను వాళ్ళకు ఎప్పుడూ అసలు సంగతి చెప్పలేదు. నేను తెలివితక్కువ అనుకున్న మనిషి.

నేను పని మానే నెలలో కూడా కారు వచ్చింది. అన్నీ చేశాను. కింద పడుకుని పైపు కూడా చూసుకున్నాను. అప్పటికి ఆయనకు మోకాళ్ళు వంగడం కష్టంగా ఉంది.

"ఇంగ వంగద్దులే పెద్దాయనా," అన్నాను. "నేనే చూసినా."

ఆయన పేలిక కోసం చెయ్యి చాపాడు.

"నువ్వు చూసినావు గాబట్టే మేస్తిరీ," అని, కారు బానెట్టు పట్టుకుని మెల్లగా మోకాలు ఆనించాడు.